మన చెవులు మనవేనా?

ఒక మనిషి నోరు నొక్కాలంటే లాఠీ కావాలి, జైలు కావాలి, జీవో కావాలి. ఖర్చుతో కూడిన పని. అదే మనిషి తన నోరు తానే నొక్కుకునేటట్టు చేస్తే? తన మాట తనకే మోటుగా వినబడేటట్టు చేస్తే? ఇగ లాఠీతో పనిలేదు. వాడే తల దించుకుంటాడు. వాడే గొంతు మార్చుకుంటాడు. తన బిడ్డ నోట తన ఇంటి మాట పలికితే వాడే కసురుకుంటాడు. ఆధిపత్యానికి ఇంతకంటే చవకగా దొరికే కాపలాదారు లేడు.

ఇది ఆవేశంలో అంటున్న మాట కాదు. సామాజిక మనోవిజ్ఞానం లెక్కగట్టి చూపిన మాట. కెనడాలోని మాంట్రియల్ నగరంలో వాలెస్ లాంబర్ట్ అనే ప్రొఫెసర్, ఆయన సహచరులు చేసిన ఒక పరీక్ష ఫలితాలు 1960లో అచ్చయ్యాయి. మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రంలో ఎక్కువమంది ఇంటి భాష ఫ్రెంచి. కానీ అప్పట్లో అక్కడి పెద్ద కంపెనీలు, పెద్ద కొలువులు ఎక్కువగా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల చేతుల్లో ఉండేవి. రెండు భాషలూ అనర్గళంగా వచ్చిన కొందరి చేత ఒకే విషయాన్ని ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి ఫ్రెంచిలో చదివించి రికార్డు చేశారు. వాటిని కలగలిపి విద్యార్థులకు వినిపించారు. గొంతు విని మనిషి ఎలాంటివాడో చెప్పమన్నారు. తెలివైనవాడా, నమ్మదగినవాడా, అందగాడా అని అడిగారు. చివరికి పొడుగరా పొట్టివాడా అని కూడా అడిగారు. రెండు గొంతులూ ఒకే మనిషివన్న సంగతి వినేవాళ్లకు తెలియదు.

ఇంగ్లీషు విద్యార్థులు ఇంగ్లీషు గొంతుకే ఎక్కువ మార్కులు వేశారు. ఎత్తు కూడా ఆ గొంతుకే ఎక్కువని తేల్చారు! అందులో వింతేమీ లేదు, ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకుంటారు. గుండె కలుక్కుమనే సంగతి వేరే ఉన్నది. ఫ్రెంచి విద్యార్థులు కూడా ఇంగ్లీషు గొంతుకే ఎక్కువ మార్కులు వేశారు. తమ సొంత భాషను తక్కువ చేయడంలో వాళ్లు ఇంగ్లీషు పిల్లలను మించిపోయారు. అదే మనిషి, అదే గొంతు, అదే విషయం. భాష ఒక్కటే మారింది. తన తల్లి భాష వినగానే ఆ విద్యార్థి చెయ్యి మార్కులు కోసింది. ఆ చెవులు ఎవరివి? తలకాయకు అతికి ఉన్నాయి కాబట్టి తనవే అనుకుంటున్నాడు. వాటిని మలిచింది మాత్రం మరొకరు.

ఈ ముచ్చట చదువుతుంటే మనకు ఎవరు యాదికొస్తున్నారో వేరే చెప్పనక్కర లేదు. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో తెలంగాణ యాస ఎవరి నోట వినబడింది? రౌడీ నోట, వెకిలి నవ్వుల పాత్ర నోట. హీరో పక్కన నిలబడి దెబ్బలు తినేవాడి నోట. అదేపనిగా ఒక గొంతును ఒక వెకిలితనంతో కలిపి చూపిస్తే ఏమవుతుంది? మనోవిజ్ఞానం చెప్పే జవాబు సులువైనది. రెండు సంగతులను పదేపదే జంటగా చూసిన మనసు వాటికి ముడివేస్తుంది. ఆ ముడి తర్కంతో పడింది కాదు, కాబట్టి తర్కానికి తొందరగా ఊడదు.

శాస్త్రజ్ఞులు 'వైఖరి' అనేది దీన్నే. ఒక మనిషి మీద, ఒక కులం మీద, ఒక భాష మీద, ఒక ప్రాంతం మీద మనలో స్థిరపడిపోయిన ఇష్టం లేక అయిష్టం. అందులో మూడు పాయలు ఉంటాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మనం నమ్మేది ఒకటి, మనకు అనిపించేది ఒకటి, మనం చేసేది ఒకటి. మూడూ ఎప్పుడూ ఒకే దిక్కున పారవు. 'అన్ని యాసలూ సమానమే' అని నమ్మే ఉద్యోగి, ఇంటర్వ్యూ గదిలో అడుగుపెట్టగానే ఇంటి యాసను చెప్పులతో పాటు గడప బయట విడిచిపోతాడు. నమ్మకం మారినా అనుభూతి మారలేదన్నమాట.

ఈ నాటు ఎంత చిన్న వయసులో పడుతుందో అమెరికాలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు చూపించారు. ఇద్దరూ మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులే. మూడు నుంచి ఏడేళ్ల నల్లజాతి పిల్లల ముందు బొమ్మలు పెట్టారు. ఒంటి రంగు, జుట్టు రంగు తప్ప బొమ్మల్లో తేడా లేదు. ఆడుకోవడానికి ఏ బొమ్మ కావాలి, ఏది మంచి బొమ్మ, ఏది చెడ్డగా కనిపిస్తున్నది, ఏది నీలాగా ఉన్నది అని అడిగారు. 1947లో అచ్చయిన వాళ్ల అధ్యయనంలో 253 మంది పిల్లలు ఉన్నారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది ఆడుకోవడానికి తెల్ల బొమ్మనే కోరుకున్నారు. నీలాగా ఉన్నదేది అని అడిగేసరికి కొందరు పిల్లలు ఏడ్చారు. ఆ పసివాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. బడి, వీధి, బస్సులో సీటు అన్నీ కలిసి మౌనంగా చెప్పాయి. 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు, జాతిని బట్టి వేరుచేసిన బడులు చెల్లవని తీర్పు ఇచ్చినప్పుడు ఉదహరించిన పరిశోధనల్లో కెనెత్ క్లార్క్ రచన ఒకటి. బొమ్మ ముందు పిల్ల కార్చిన కన్నీరు న్యాయస్థానం దాకా పోయింది. మన బడుల్లో యాస మాట్లాడినందుకు నవ్వులపాలైన పిల్లల లెక్క ఎవరు తీశారు?

అయితే ఇక్కడే మనం ఆగిపోతే ఏడుపు తప్ప మరేమీ మిగలదు. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు అన్నారు. మరి చిన్ననాడు పడ్డ ఈ ముడులు ఊడవా? ఊడుతాయి. ఎట్లా ఊడుతాయో తెలుసుకోవడమే ఉద్యమకారులకు, విద్యార్థులకు, ఉద్యోగులకు అసలు చదువు.

మొదటి పాఠం సావాసానిది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు అన్న సామెతను థియోడర్ న్యూకూమ్ అనే పరిశోధకుడు ఒక కాలేజీలో నాలుగేళ్లు కూర్చుని పరీక్షించినట్టే చేశాడు. అమెరికాలోని బెన్నింగ్టన్ అనే ఆడపిల్లల కాలేజీలో 1935 నుంచి 1939 దాకా ఆయన అధ్యయనం సాగింది. చేరినవాళ్లలో ఎక్కువమంది కలిగిన ఇళ్ల పిల్లలు, సంప్రదాయ రాజకీయాల ఇళ్ల పిల్లలు. అధ్యాపకులు, సీనియర్లు మాత్రం కొత్త భావాల వాళ్లు. 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు మొదటి ఏడాది విద్యార్థినుల్లో 62 శాతం మంది రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ వైపు ఉంటే, మూడో, నాలుగో ఏడాది వాళ్లలో ఆయన వైపు ఉన్నది సుమారు 15 శాతం. పాతికేళ్ల తర్వాత మళ్లీ వెతికి పట్టుకుని అడిగితే వాళ్లలో ఎక్కువమంది ఆ మారిన భావాలతోనే ఉన్నారు. ఎందుకు నిలిచాయి? కాలేజీ దాటిన తర్వాత కూడా తమవంటి భావాలున్న స్నేహితులను, జీవిత భాగస్వాములను వాళ్లు ఎంచుకున్నారు కాబట్టి. మనిషి ఒంటరిగా మారడు, మారినా ఒంటరిగా నిలవడు. హాస్టల్ గదికి, యూనియన్ ఆఫీసుకు, చాయ్ హోటల్ బల్లకు ఉన్న బలం ఇదే.

రెండో పాఠం పిడికెడు మందిది. అందరూ ఒక తీరుగా అంటుంటే ఒకరిద్దరు ఏం చేయగలరని మనం నిరాశపడుతుంటాం. ఫ్రాన్స్‌లో సెర్జ్ మోస్కోవిచీ, ఆయన సహచరులు 1969లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ఆరుగురిని కూర్చోబెట్టి నీలం రంగు స్లైడ్లు చూపించారు. ఆరుగురిలో ఇద్దరు ముందే మాట్లాడుకున్న మనుషులు. ఆ ఇద్దరూ ప్రతిసారీ తడబడకుండా 'ఆకుపచ్చ' అన్నప్పుడు మిగతావాళ్ల జవాబుల్లో కూడా 8 శాతానికి పైగా 'ఆకుపచ్చ' అయ్యాయి. అదే ఇద్దరూ ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి నీలం అంటూ మాట మార్చినప్పుడు ఆ ప్రభావం ఒక శాతం దగ్గరికి పడిపోయింది. అల్పసంఖ్యకు బలం గొంతు పెద్దది చేయడంలో లేదు, మాట మీద నిలబడటంలో ఉన్నది.

మన చరిత్ర దీనికి సాక్ష్యం. 1969 ఉద్యమం అణచివేత పాలైంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 గెలిచిన తెలంగాణ ప్రజా సమితి ఆ ఏడాదే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ మాట ఎత్తినవాళ్లను జాలిగా చూసేవారు. అయినా ప్రొఫెసర్ జయశంకర్ వంటి కొద్దిమంది అదే మాటను, అవే లెక్కలను సభ తర్వాత సభలో చెబుతూ పోయారు. నీళ్లు, నిధులు, నియామకాలు. మాట మారలేదు. 1997లో భువనగిరిలో, వరంగల్‌లో సభలు జరిగేనాటికి వినే చెవులు పెరిగాయి. భావజాల వ్యాప్తి, ఆందోళన, రాజకీయ ప్రక్రియ అని ఆయన మూడు దశలు చెప్పేవారు. మొదటి దానికి భావజాల వ్యాప్తి అని పేరు పెట్టడం ఊరికే కాదు. వైఖరి మారకుండా ఆందోళన నిలవదని ఆయనకు తెలుసు. అయితే ఒక హెచ్చరిక. మోస్కోవిచీ ప్రయోగంలో ఆ ఇద్దరూ చెప్పింది అబద్ధం! నిలకడ అబద్ధానికి కూడా బలమిస్తుంది. కాబట్టి నిలకడ ఒక్కటి సరిపోదు, చేతిలో లెక్క నిజమై ఉండాలి.

మూడో పాఠం ఉపన్యాసాలు దంచే మన నాయకులందరూ గోడకు అతికించుకోవలసింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో మాంసం కొరత వచ్చింది. జంతువుల గుండెకాయ, మూత్రపిండాలు వంటివి తినడం అలవాటు చేయించాలని ప్రభుత్వం అనుకున్నది. మన ఇళ్లల్లో బోటి, కార్జం ఇష్టంగా తింటాం కానీ అక్కడి మధ్యతరగతి గృహిణులు వాటిని చూస్తేనే మొహం తిప్పుకునేవారు. జర్మనీలో హిట్లర్ వచ్చిన 1933లోనే ఆ దేశం విడిచిన యూదు శాస్త్రజ్ఞుడు కర్ట్ లెవిన్ ఈ పని చేపట్టాడు. కొన్ని మహిళా బృందాలకు మంచి ఉపన్యాసం ఇప్పించారు. పోషకాలు, దేశభక్తి, వండే తీరు అన్నీ చెప్పారు. మరికొన్ని బృందాల్లో ఉపన్యాసం బదులు చర్చ పెట్టారు. 'మనవంటి ఇళ్లల్లో వీటికి అడ్డేమిటి' అని వాళ్ల చేతనే మాట్లాడించి, చివరన ఎవరెవరు వండుతారో చేతులెత్తమన్నారు. తర్వాత వెళ్లి అడిగితే, ఉపన్యాసం విన్నవాళ్లలో కొత్తగా వండినవాళ్లు 3 శాతం. చర్చించి చేతులెత్తినవాళ్లలో 32 శాతం. తేడా సరుకులో లేదు. మొదటి బృందం వినిపోయింది. రెండోది నిర్ణయం తీసుకున్నది. బతుకమ్మ ఆటలో, ధూంధాం రాత్రుల్లో, రోడ్డు మీద వంటావార్పులో జరిగింది ఇదే. జనం ప్రేక్షకులుగా వచ్చి భాగస్వాములుగా ఇంటికి పోయారు. మైకు ముందు నిలబడ్డవాడి గొంతు కంటే, పొయ్యి కింద కట్టె ఎగదోసిన అమ్మ చెయ్యి ఉద్యమాన్ని ఎక్కువ మందికి చేర్చింది.

నాలుగో పాఠం కొంచెం చేదు. మనం నమ్మిందే చేస్తామని అనుకుంటాం. చేసిందే నమ్మడం కూడా మొదలుపెడతామని లియాన్ ఫెస్టింగర్ చూపించాడు. 1959లో ఆయన, కార్ల్‌స్మిత్ కలిసి ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత గంటసేపు విసుగు పుట్టే పని చేయించారు. పలకకు గుచ్చిన కొయ్య మేకులను కొద్దిగా తిప్పడం, మళ్లీ తిప్పడం. తర్వాత, బయట ఉన్న మనిషికి 'పని చాలా బాగుంది' అని అబద్ధం చెప్పమన్నారు. అందుకు కొందరికి 1 డాలర్, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. చివరికి, నిజంగా ఆ పని ఎట్లా ఉందని అడిగితే, 20 డాలర్లు తీసుకున్నవాళ్లు విసుగేనన్నారు. 1 డాలర్ తీసుకున్నవాళ్లు మాత్రం బాగానే ఉందన్నారు! ఎక్కువ డబ్బు తీసుకున్నవాడికి తన అబద్ధానికి కారణం జేబులో ఉన్నది. తక్కువ తీసుకున్నవాడికి కారణం లేదు. అబద్ధానికీ తన మనసుకూ మధ్య తండ్లాటను తట్టుకోలేక మనసునే మార్చుకున్నాడు.

దీంట్లో మనకు బలమూ ఉన్నది, ప్రమాదమూ ఉన్నది. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. జీతం వదులుకుని రోడ్డెక్కిన ఉద్యోగికి ఆ త్యాగమే నమ్మకాన్ని గట్టిచేసింది. డబ్బిచ్చి తెచ్చిన జనం బిర్యానీ పొట్లంతో పాటే నినాదాన్ని పారేసిపోతారు. తన చార్జీలు తాను పెట్టుకుని వచ్చినవాడు నినాదాన్ని ఇంటికి తీసుకుపోతాడు. ఇది బలం. ప్రమాదం ఏమిటంటే, కష్టపడి నమ్మినదాన్ని తప్పని తెలిసినా విడువలేం. జెండా మోసి భుజం కాయకాసినవాడు ఆ జెండా దారి తప్పిందని ఒప్పుకోవడానికి చచ్చేంత తిప్పలు పడతాడు. చిన్న రాజీ చేసినవాడు రెండో రాజీకి కారణాలు ముందే వెతికి పెట్టుకుంటాడు. నాయకుల సంగతే కాదు, మన సంగతి కూడా ఇదే.

ఇప్పుడు సినిమా హాలు జేబులోకి వచ్చింది. రోజుకు ఇరవై సార్లు ఒకే మాట ఫోన్‌లో వస్తుంది. పదేపదే విన్న మాట, నిజమైనా కాకపోయినా, నిజమనిపించడం మొదలవుతుందని 1977లోనే పరిశోధకులు చూపించారు. ఒక కులం మీద, ఒక మతం మీద, పక్క ప్రాంతం మీద విషం ఈ తొవ్వలోనే వస్తున్నది. ఒకప్పుడు మన యాస మీద పడ్డ ముడి పడింది కూడా ఇదే తీరుగా కదా! అది చేదుగా అనుభవించిన మనం, మరొకరి మీద అదే ముడి వేసే సందేశాన్ని బొటనవేలితో ముందుకు తోస్తే ఇక మనం నేర్చుకున్నదేమిటి?

మరి ఎదుటివాడు మన మాటకు ఒప్పుకోనప్పుడు ఏం చేయాలి? తిట్టాలా? తిడితే వాడు తన కోటలోకి పోయి తలుపు వేసుకుంటాడు. అమెరికాలోని మయామి నగరంలో ట్రాన్స్‌జెండర్ల పట్ల జనం వైఖరి మీద బ్రూక్‌మన్, కల్లా అనే ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. 501 మంది ఓటర్లు ఇందులో పాలుపంచుకున్నారు. కార్యకర్తలు ఇంటికి వెళ్లి సుమారు పది నిమిషాలు మాట్లాడారు. వాదించలేదు, నిందించలేదు. 'నువ్వు వేరుగా ఉన్నావని నిన్ను ఎవరైనా ఎప్పుడైనా చిన్నచూపు చూశారా' అన్న తీరుగా అడిగి, ఎదుటి మనిషి చెప్పేది విన్నారు. ఆ పది నిమిషాల ప్రభావం మూడు నెలల తర్వాత కూడా కనిపించింది. తన గాయాన్ని తాను యాది చేసుకున్న మనిషికి ఎదుటివాడి గాయం అర్థమవుతుంది. దీనికి పెద్ద వేదిక అక్కర లేదు. అరుగు చాలు, ఓపిక కావాలి.

ఇప్పుడు ఆ ప్రశ్న మనల్ని మనం వేసుకుందాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం అయింది. 2017లో 'ఫిదా' హీరోయిన్, 2023లో 'బలగం' ఊరు మొత్తం మన యాసలో మాట్లాడితే జనం చప్పట్లు కొట్టారు. అధికారం మారితే చెవులు మారుతాయని తెలిసింది. క్యుబెక్ కూడా 1977లో చట్టం చేసి ఫ్రెంచిని కొలువుల భాషగా నిలబెట్టుకున్నది. భాషకు కొలువు దొరికితే గౌరవం వెతుక్కుంటూ వస్తుంది. కానీ మన గడప లోపల మరో మాంట్రియల్ ఉన్నది. ఆదిలాబాద్ అడవిలో గోండి, కొలామి ఇంటి భాషగా ఉన్న పిల్ల బడికి వచ్చి నోరు విప్పితే ఏమవుతున్నది? లంబాడా తండా పిల్లవాడి పలుకు విని ఎవరు నవ్వుతున్నారు? ఇటుక బట్టీకి ఒడిశా నుంచి వచ్చిన కూలీ బిడ్డకు మన ఊరు పెట్టిన పేరేమిటి? నిజాం రాజ్యంలో, కొమురం భీం నేలకొరిగిన 1940 తర్వాత, హైమెన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించి గోండిలో వాచకాలు తయారుచేయించాడు. ఆ నాటి ఆ పాటి సోయి మన సొంత రాష్ట్రంలో ఉండవద్దా? మన యాసకు గౌరవం అడిగిన నోటితో వాళ్ల భాషను వెక్కిరిస్తే, మనం గెలిచింది కుర్చీని. ఆత్మగౌరవాన్ని కాదు.

కాబట్టి పని చిన్నదే, రోజూ చేయవలసినది. టీచర్లు తరగతిలో యాసకు, ఆదివాసీ పలుకుకు నవ్వే నవ్వును మొదటి రోజే ఆపాలి. ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డ పల్లె మనిషి మాటకు ఉద్యోగి అదే మాటలో జవాబు చెప్పాలి. విద్యార్థులు తమతో ఒప్పుకోనివాడిని గ్రూపులోంచి తీసేయడం మాని, పక్కన కూర్చోబెట్టుకుని వినాలి. సభలు పెట్టేవాళ్లు మైకు సమయంలో సగం జనానికి ఇవ్వాలి. ఫోన్‌లో వచ్చిన మాటను ముందుకు తోసేముందు ఒక్కసారి అడగాలి: ఇది నేను తెలుసుకున్నదా, నా చెవిలో ఎవరో నాటినదా?

భూమి గుంజుకుంటే కొట్లాడి తెచ్చుకోవచ్చు. నీళ్లు మళ్లిస్తే లెక్క అడగవచ్చు. మన చెవులను మన నుంచి గుంజుకుపోతే, పోయిన సంగతి కూడా మనకు వినబడదు. ముందు వాటిని వాపసు తెచ్చుకుందాం. పక్కవాడి చెవులు గుంజుకోకుండా తెచ్చుకుందాం.